పాత పెట్టెకు నాడి చూడటం

మా నాన్నగారు కృష్ణా డెల్టాలో నీటిపారుదల శాఖ వర్కు ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. శివారు పొలాలకు నీళ్ళు అందడం లేదని రైతులు వచ్చి గోల చేస్తే ఆయన ఎన్నడూ ముందుగా శివారుకు వెళ్ళేవారు కారు. సైకిలెక్కి కాలువ తల దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి గట్టు వెంబడి కిందికి చూసుకొంటూ వచ్చేవారు. తూము మూతపడిందా, గండి పడిందా, ఎవరైనా రాత్రికి రాత్రి అడ్డుకట్ట వేశారా అని. "ఎండిన చోట నిలబడి చూస్తే ఎండే కనబడుతుంది" అనేవారు. ఈ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ మొన్న 2024 వేసవిలో బందరులో ఆయన కంప్యూటరు ముందు కూర్చొన్నప్పుడు మాత్రం తిన్నగా శివారుకే వెళ్ళాను. ఆ కథే ఇది.

ఆ కంప్యూటరును ఆయన పదవీ విరమణ తరువాత, 2002 ఆగస్టులో, విజయవాడలో విడిభాగాలు కొనిపించి బిగింపించుకొన్నారు. పెంటియం-4, 256 ఎంబీల మెమొరీ, 40 జీబీల డిస్కు. పదిహేను అంగుళాల గాజుబుడ్డి తెర ఒక్కత్తెకూ మోయ శక్యం కాదు. తెలుగులో రాయాలన్నది ఆయన కోరిక. యూనికోడు అప్పటికే ఉంది గానీ డీటీపీ వాళ్ళ లోకానికి ఇంకా అందలేదు. అందుచేత ఆయనకు అంటగట్టినది డీటీపీ దుకాణాల్లో వాడే ఒక తెలుగు పొందిక. దాని ఖతులు దానివే, దాని ఎడిటరు దానిదే, ఆ ఎడిటరు రాసిన దస్త్రాలు మరెక్కడా తెరుచుకోవు. పైగా కంప్యూటరు వెనుక ప్రింటరు పోర్టుకు అగ్గిపెట్టెంత తాళం ఒకటి తగిలించి ఉండాలి. తాళం లేకపోతే పొందిక మాట్లాడదు. అది దొంగకాపీలు రాకుండా చేసుకొన్న ఏర్పాటు. ఆ ఏర్పాటు దొంగలను ఏ మేరకు ఆపిందో చెప్పలేను గానీ, ఇరవై రెండేళ్ళ తరువాత నన్ను మాత్రం ఆపింది.

ఆయన ఆ కంప్యూటరు మీద ఏడేళ్ళపాటు తన ఉద్యోగ జీవితం రాసుకొన్నారు. లాకులు, లస్కర్లు, వంతుల తగాదాలు, బందరు కాలువ మీద పడవలు. 2011లో పోయారు. మొదటి అరవై పేజీలు మాత్రం ముద్రించి అట్ట వేయించి ఇంట్లో ఉంచారు. మిగిలినవి పెట్టెలోనే ఉండిపోయాయి. మధ్యలో ఒకటి రెండుసార్లు మా తమ్ముడు దాన్ని నడిపించి చూశాడట, ఆ తరువాత అందరమూ మరిచిపోయాం. మరిచిపోవడం అనకూడదు. ఉందిలే, ఎక్కడికి పోతుందిలే అనుకొన్నాం.

ఈ వేసవిలో అమ్మకు రెండో కంటికి కూడా చూపు బాగా తగ్గింది. ఒక మధ్యాహ్నం పడక కుర్చీలో కూర్చొని "ఏమే, ఆ పెట్టెలో నాన్నగారు రాసినవి ఉన్నాయి కదా, నాకు చదివి పెట్టకూడదూ?" అంది. "అరవై పేజీలు చదివాక ఆపేశాను. అప్పుడు కళ్ళు ఉండేవి, తీరిక లేదు. ఇప్పుడు తీరిక ఉంది."

దుప్పటి తీసి, దుమ్ము దులిపి, మీట నొక్కాను. పంకా ఒక్కసారి కదిలి ఆగింది. ఇంకోసారి నొక్కితే లోపలినుంచి టిక్, టిక్, టిక్ అని మూడు చప్పుళ్ళు వచ్చి మళ్ళీ నిశ్శబ్దం. హార్డుడిస్కు తల కొట్టుకొంటున్న చప్పుడది, ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోరు. డిస్కు పోయిందనుకొన్నాను. అంటే, నీళ్ళు అందని పొలంలో నిలబడి పొలాన్నే తిట్టాను.

అయితే ఒక్క మంచిపని చేశాను. పెట్టెను మళ్ళీ మళ్ళీ నొక్కి చూడకుండా డిస్కును ఊడదీశాను. మీలో ఎవరికైనా ఇటువంటి గతి పడితే ఇది గుర్తుంచుకోండి: చప్పుడు చేసే డిస్కును నడిపించి చూడటమంత చెడ్డ అలవాటు లేదు. విండోస్ పూర్తిగా లేచి ఉంటే డిస్కును తనిఖీ చేస్తానని చెప్పి, చెడిన చోటనే పదేపదే గీకి, సరిచేస్తున్నానని దస్త్రాలను ముక్కలు చేసి ఉండేది. ముందు నకలు, తరువాతే వైద్యం.

పాత వెడల్పాటి రిబ్బను తీగ డిస్కులను యూఎస్‌బీకి కలిపే అడాప్టరు ఆన్‌లైన్లో తెప్పించుకొన్నాను. దానికి విడిగా తన కరెంటు ఇటుక ఉంటుంది. నా ల్యాప్‌టాపులో లినక్సు నడిపి, జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే పనిముట్టుతో డిస్కు మొత్తానికీ నకలు తీయడం మొదలుపెట్టాను. ఈ పనిముట్టు తెలివి ఏమిటంటే, చదవలేని చోట మొండికేసి కూర్చోదు. దాన్ని రాసిపెట్టుకొని ముందుకు పోయి, మంచివన్నీ చేజిక్కించుకొన్నాక వెనక్కి వచ్చి చెడ్డవాటిని కొంచెం కొంచెంగా కొరుకుతుంది. గంటన్నరలో దాదాపు అంతా వచ్చింది. మిగిలిన చిటికెడు కోసం రాత్రంతా పెనుగులాడింది. తెల్లవారేసరికి చదవలేకపోయినది రెండు వందల కిలోబైట్లు మాత్రమే, అది కూడా విండోస్ తాలూకు ఏదో మూల.

ఇంతకీ ఆ టిక్ టిక్ ఏమైంది? అడాప్టరు మీద డిస్కు ఒక్కసారి కూడా చప్పుడు చేయలేదు. అప్పటికైనా నాకు వెలగవలసింది, వెలగలేదు. దస్త్రాలు దొరికిన సంబరంలో ఉన్నాను.

ఆ సంబరం పది నిమిషాలు నిలిచింది. దస్త్రాలు తెరిస్తే లాటిన్ అక్షరాలూ, ఆశ్చర్యార్థకాలూ, విరిగిన గీతలూ. ఆనాటి ఖతి సంకేతాలను యూనికోడులోకి మార్చే 'పద్మ' వంటి పనిముట్లు పాతవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. వాటితో పత్రికల పుటలు ఎన్నో చదువుకొన్నాం. కానీ నాన్నగారి ఎడిటరు పాఠాన్ని కూడా తన సొంత పద్ధతిలో మడతపెట్టి దాచుకొంది. మా అబ్బాయి ఫోనులో "అమ్మా, ఆ నకలును వర్చువల్ మెషీన్‌లో నడిపించు" అన్నాడు. నడిపించాం. విండోస్ ఎక్స్‌పీ లేచింది, నాన్నగారు పెట్టుకొన్న ప్రకాశం బ్యారేజి బొమ్మతో సహా. పొందికను తెరిస్తే తాళం లేదంది. ఇప్పటి ల్యాప్‌టాపులకు ప్రింటరు పోర్టు ఉండదు కదా. యూఎస్‌బీ నుంచి ప్రింటరు పోర్టుకు మార్చే తీగలు దొరుకుతాయి గానీ అవి ప్రింటర్లకు పనికొస్తాయే తప్ప ఇటువంటి తాళాలతో మాట్లాడే తీరు వాటికి ఉండదు. కొని చూశాను కూడా, నాలుగు వందలు వృథా. పొందిక అమ్మినవాళ్ళకు ఉత్తరం రాస్తే జవాబు రాలేదు.

కాబట్టి పెట్టెనే బతికించాలి. అప్పుడు నాన్నగారి మాట గుర్తు తెచ్చుకొని, తల నుంచి మొదలుపెట్టాను.

గోడ ప్లగ్గులో 226 వోల్టులు ఉన్నాయి. తీగ బాగుంది. తరువాత ఎస్ఎంపీఎస్. బోర్డుకు వెళ్ళే ఇరవై పిన్నుల కనెక్టరు ఊడదీసి, ఆకుపచ్చ తీగనూ ఒక నల్ల తీగనూ పేపరుక్లిప్పుతో కలిపితే బోర్డు ప్రమేయం లేకుండానే అది లేవాలి. లేచింది. మల్టీమీటరు పెట్టి చూస్తే పసుపు తీగ మీద పన్నెండుకు బదులు 10.3 వోల్టులు. అటూ ఇటూ నూటికి ఐదు పాళ్ళ తేడా వరకూ సహిస్తారు, అంటే 11.4కు తగ్గరాదు. డిస్కు పళ్ళేన్ని తిప్పే మోటారు బతికేది ఆ పన్నెండు వోల్టుల మీదనే. చాలినంత కరెంటు అందక అది తిరగడం మొదలుపెట్టి ఆగిపోతూ ఉంటే తల గూటికి తిరిగి వచ్చి కొట్టుకొనే చప్పుడే నేను విన్న టిక్ టిక్. డిస్కును అన్యాయంగా అనుమానించాను.

ఎస్ఎంపీఎస్ మూత సందుల్లోంచి చూస్తే పంకా వెనుక ఎండిపోయిన బల్లి, దాని చుట్టూ పీచులా దుమ్ము. విప్పి శుభ్రం చేద్దామని చేయి వెళ్ళింది గానీ వెనక్కి తీసుకొన్నాను. డిగ్రీలో ఫిజిక్సు చదువుకొన్నదాన్ని, ఆ మాత్రం భయం ఉంది. ప్లగ్గు పీకేసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో మూడు వందల పైచిలుకు వోల్టులు నిలవ ఉండవచ్చు. దాన్ని విప్పడం తెలిసినవాళ్ళ పని. నేను కొత్తది కొన్నాను. ఇరవై నాలుగు పిన్నుల్లో చివరి నాలుగూ పక్కకు జరిగే రకం కాబట్టి పాత బోర్డుకు సరిపోయింది.

బిగించి మీట నొక్కితే పంకాలన్నీ హాయిగా తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉంది. బోర్డు కూడా పోయిందని గంటసేపు బెంగపడి, చివరికి కనిపెట్టిందేమిటంటే ప్రాసెసరు పక్కన ఉండే చదరపు నాలుగు పిన్నుల కనెక్టరు నేనే పెట్టలేదు. పెంటియం-4కు ప్రత్యేకంగా పన్నెండు వోల్టులు తెచ్చేది అదే. ఇది ఎవరికీ చెప్పకూడదనుకొన్నాను, చెప్పేశాను.

అది పెట్టాక ఈసారి ఆగకుండా బీప్ బీప్ అని అరవడం మొదలుపెట్టింది. అమ్మ లోపలినుంచి "అంబులెన్సు వచ్చిందా?" అని అడిగింది. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. అరిచే యంత్రానికి ఆలోచించే శక్తి ఉన్నట్టే. ఆ బోర్డు భాషలో ఆగని అరుపు మెమొరీ గురించి. మెమొరీ పట్టీ తీసి చూస్తే బంగారు పూత పళ్ళు మసకబారి ఉన్నాయి. బందరు గాలికి ఇత్తడి చెంబులే నిలవవు, ఇవెంత? పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, రెండు చెవులూ టక్కుమని మూసుకొనేదాకా నొక్కాను. ఒక్క బీపు. తెర మీద అక్షరాలు.

గడియారం బ్యాటరీ చచ్చిపోయిందనీ, ముందుకు వెళ్ళాలంటే ఎఫ్1 నొక్కమనీ అడిగింది. తేదీ 2002 జనవరి 1. పెట్టె లెక్క ప్రకారం నాన్నగారు దాన్ని ఇంకా కొననే లేదు. ఆ రూపాయిబిళ్ళంత బ్యాటరీ మూడు వోల్టులు ఇవ్వవలసింది ఒకటిన్నర కూడా ఇవ్వడం లేదు. కిరాణా కొట్టులో తూకం యంత్రాల కోసం అమ్మే 2032 రకమే సరిపోయింది.

విండోస్ లేచింది. వెనుక తాళం దాని చోట ఉంది. పొందిక తెరుచుకొంది. మొదటి దస్త్రం తెరిచాను, తెలుగు! అమ్మను పిలిచాను. ఆవిడ వచ్చి తెరకు ముక్కు ఆనించి చూస్తూ ఉండగా పెట్టె టప్పున ఆరిపోయి మళ్ళీ మొదటినుంచి లేచింది.

ఆ తరువాత మూడు రోజులు ఇదే తంతు. ఒకసారి ఎనిమిది నిమిషాలు, ఒకసారి ఇరవై, తరువాత మళ్ళీ మొదలు. తల దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నాయి, శివారుకు అందడం లేదు, కాబట్టి గండి దారిలోనే ఎక్కడో ఉండాలి. వేడి అనుకొన్నాను. ప్రాసెసరు మీది పేస్టు ఎండి సుద్దలా రాలుతోంది. గోకి కొత్తది రాస్తే వేడి 71 డిగ్రీల నుంచి 50కి దిగింది, పునఃప్రారంభాలు ఆగలేదు. విండోస్ దోషమేమో చూద్దామని, తప్పు జరిగితే దానంతటదే మళ్ళీ మొదలయ్యే ఏర్పాటును తీసివేశాను. అప్పుడు దోషం విండోస్‌దైతే నీలి తెర కనబడి ఆగాలి. నీలి తెర రాలేదు, నేరుగా ఆరిపోయింది. విండోస్ ఊసే లేని మెమొరీ పరీక్ష, మెమ్‌టెస్ట్, సీడీ నుంచి నడిపితే అది కూడా ఒక్క తప్పూ చూపకుండా పన్నెండో నిమిషంలో ఆరిపోయింది. అంటే విండోస్ కాదు, డిస్కు కాదు, మెమొరీ మీద కూడా అనుమానం తగ్గింది. మిగిలింది బోర్డు.

టార్చిలైటు వేసి ప్రాసెసరు చుట్టూ చూశాను. అక్కడ వరసగా నిలబడే డబ్బాల వంటి కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. తొమ్మిదింటిలో నాలుగు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి, ఒకదాని నెత్తిన తుప్పురంగు చెక్కు కట్టింది. పన్నెండు వోల్టులను ప్రాసెసరుకు కావలసిన ఒకటిన్నర వోల్టుకు దించేటప్పుడు అలలను సర్దేవి ఇవే. పనిచేయకపోతే ప్రాసెసరు బరువైన పని మొదలుపెట్టగానే వోల్టేజి ఊగిపోతుంది. 1999 నుంచి 2007 దాకా లోకమంతటా బోర్డులకు పట్టిన తెగులు ఇది. లోపలి ద్రవం సరిగా లేని కెపాసిటర్లు లక్షల సంఖ్యలో మార్కెట్టులోకి వచ్చాయి. ఎవరో ద్రవం సూత్రాన్ని సగమే దొంగిలించి అమ్మారని అప్పట్లో చెప్పుకొన్నారు. కథ బాగుంది గానీ అన్నిటికీ కారణం అదొక్కటే అనుకోవడానికి లేదు. నా ఎదుట ఉన్న నాలుగింటికి కారణం దొంగతనమైనా వార్ధక్యమైనా ఒరిగేది ఒకటే.

బందరులో ఇప్పుడు బోర్డులకు కెపాసిటర్లు మార్చేవాళ్ళు లేరు, బోర్డే మార్చేస్తారు. నేను వాకబు చేయగా ఒక పాత టీవీ మెకానిక్కు దొరికారు. డెబ్బై దాటినాయన, చెవి కొంచెం దూరం. బోర్డును చేతిలోకి తీసుకొని వాసన చూశారు. నిజంగానే, ముక్కు దగ్గర పెట్టుకొని.

"అమ్మా, కంప్యూటరు నాకు తెలీదు. ఇవి తెలుసు," అన్నారు ఉబ్బిన తలలను చూపించి.

తన దగ్గరున్నవి 85 డిగ్రీల రకమనీ, ఇక్కడికి 105 డిగ్రీలవి కావాలనీ, అందులోనూ లోపలి నిరోధం తక్కువగా ఉండేవే తెమ్మనీ కాగితం మీద రాసిచ్చారు. కెపాసిటీ అంతే ఉండాలి, వోల్టేజి అంతే గానీ ఎక్కువ గానీ ఉండవచ్చు. విజయవాడ వెళ్ళి తెచ్చాను. నాలుగే కాదు, తొమ్మిదీ మార్చారు. "నలుగురు పోయాక మిగతా ఐదుగురు ఎన్నాళ్ళు మోస్తారమ్మా" అన్నారు. ఈ బోర్డులు పొరలు పొరలుగా ఉంటాయి కాబట్టి మామూలు సోల్డరింగు ఐరను వేడిని అవి మింగేస్తాయి. ఆయన పెద్దదాన్ని తెప్పించుకొని, ఒక్కొక్క కాలుకూ తొందర లేకుండా వేడి చూపిస్తూ, రుణ ధ్రువం చార ఎటుందో రెండేసిసార్లు చూసుకొంటూ మధ్యాహ్నమంతా పనిచేశారు. మూడు వందలు తీసుకొన్నారు. నేను ఐదు వందలు ఇవ్వబోతే కోపం వచ్చింది.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్ తెల్లవార్లూ నడిచింది. ఒక్క తప్పూ లేదు, ఒక్కసారీ ఆరిపోలేదు.

మరునాడు మొదట చేసిన పని ఒక ఉచిత పీడీఎఫ్ ప్రింటరును ఎక్స్‌పీలో పెట్టి, నాన్నగారి దస్త్రాలన్నిటినీ దానికి ముద్రించడం. 214 పేజీలు. అవి నాలుగు చోట్ల పెట్టాను. అప్పుడు అమ్మ పక్కన కూర్చొని అరవై ఒకటో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.

ఎక్కువ భాగం నీళ్ళ లెక్కలూ తగాదాలే. అమ్మ కొన్నిచోట్ల నవ్వింది, కొన్నిచోట్ల కునుకు తీసింది. నూట నలభై రెండో పేజీ 1977 నవంబరు 19 గురించి. దివిసీమను ఉప్పెన ముంచిన రోజు అది. ఆనాడు ఆయన అటువైపు ఒక లాకు దగ్గర ఉన్నారనీ, బతికి వచ్చారనీ మాత్రమే నాకు తెలుసు. ఇంట్లో ఆ ఊసు ఎత్తేవారు కారు. పేజీలో ఉన్నది ఇది: సాయంత్రం గాలి ముదురుతుంటే తన కింది లస్కరు, ఇంటి దగ్గర భార్య నిండు చూలాలని అడిగితే, నేను చూసుకొంటాను నువ్వు వెళ్ళు అని పంపించేశారు. ఈయన లాకు మేడ మీద ఉండి బతికారు. ఆ మనిషి దారిలో పోయాడు. 'నేను ఉండమని ఉంటే' అని ఒక వాక్యం మొదలై, పూర్తికాకుండానే తరువాతి పేరా కాలువ పూడికతీత మీదికి వెళ్ళిపోయింది.

నేను చదవడం ఆపాను. అమ్మకు ఇది తెలియదేమో, చదవకుండా ఉండవలసిందేమో అనిపించింది.

"తెలుసులే," అంది అమ్మ. "ఆవిడకు మగపిల్లాడు పుట్టాడు. వాడి చదువు అయ్యేదాకా ఏటా పంటకు రెండు బస్తాలు ఎవరు పంపించారనుకొన్నావు? నేనే. ఆయన చేతులమీదుగా ఇవ్వలేకపోయేవారు." కాసేపాగి, "అయితే రాశారన్నమాట" అంది.

తరువాత చదవమంది. పూడికతీత గురించి పదకొండు పేజీలు ఉంది. అందులో ఒక కాంట్రాక్టరు పేరు తప్పు రాశారని అమ్మ రెండుసార్లు ఆపి సరిచేసింది. ఇప్పుడు అవన్నీ యూనికోడులో మళ్ళీ టైపు చేస్తున్నాను. నిన్నటికి 88 పేజీలు అయ్యాయి. పెట్టె ఇంకా నడుస్తోంది గానీ, డిస్కు పంకా ఏదో కొత్తగా గుర్రుమంటోంది. శబ్దం ఎటునుంచి వస్తోందో ఆదివారం మూత తీసి చూడాలి.